నాయన ఇరవై రెండు మాటలు

మా చింతతోపులో మిట్టమధ్యాహ్నం మోహిని తిరుగుతుందని మా ఊరి పిల్లలు అటు పోయేవాళ్లు కాదు. రాలిన కాయలన్నీ నాకే మిగిలేవి. దెయ్యాలతో నాకున్న సంబంధం అంతవరకే, అవి ఉంటే నాకు లాభం. పెద్దయ్యాక కూడా నేను మారలేదు. బల్లి పడిందనీ పిల్లి అడ్డొచ్చిందనీ ఆగే మనిషిని కాను. ఇప్పుడు చెప్పబోయేది విని ఎవరైనా నవ్వితే నేను కోపం తెచ్చుకోను. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్నే.

మాది ధర్మపురి దగ్గర, నల్లంపల్లి వైపు ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయనకు తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాసేవాడు. నేనూ ముప్పై దాటాకే కూడబలుక్కుంటూ తెలుగు రాయడం నేర్చుకున్నాను. ఇదే నేను తెలుగులో రాస్తున్న మొదటి పెద్ద సంగతి.

రెండువేల ఏడో ఎనిమిదో, ఆ ప్రాంతంలో జరిగింది. అప్పుడు నేను ధర్మపురి టౌనులో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ని. కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్ అంటే పిచ్చి. చెట్టికరై నుంచి కాలేజీ పిల్లలు కూడా లాప్‌టాప్‌లు పట్టుకొని వచ్చేవాళ్లు, "సార్, లినక్స్ వేస్తే సౌండ్ రాలేదు" అంటూ. పదింటిలో తొమ్మిదింటికి జబ్బు ఒకటే. కొత్తగా వేసిన సిస్టంలో ధ్వని దారులన్నీ మూసి ఉంటాయి. మిక్సర్ అనే ప్రోగ్రాం తెరిస్తే తెరమీద గొట్టాలు నిలబెట్టినట్టు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్ని మీట నొక్కి తెరవాలి. "యంత్రాన్ని తిట్టేముందు మిక్సర్ చూడండిరా" అని ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ని. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మా నాయనది పెద్ద గొంతు. మూడు చేల అవతల మేసే ఎర్రావు ఆయన పిలిస్తే తల ఎత్తేది. ఆ ఏడాది గొంతు బొంగురుపోయింది. టమోటా మండీలో అరిచీ అరిచీ అట్లా అయిందనుకున్నాం. మూడు నెలలైనా తగ్గకపోతే సేలం తీసుకుపోయాను. బీడీలు చేసిన పని. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, స్వరపేటిక తీసేయాలన్నాడు. ప్రాణం నిలుస్తుంది, మాట పోతుంది. మెడ కింద ఒక రంధ్రం పెడతారు, ఊపిరి దాంట్లోనుంచే.

గొంతుకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఉందని డాక్టరే చూపించాడు. నాయన దాని శబ్దం విని తల అడ్డంగా ఊపాడు.

"అది నా మాదిరి లేదు" అన్నాడు.

బస్సులో తిరిగొస్తుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆపరేషన్‌కు ఇంకా మూడు వారాలున్నాయి. ఆయనకు రోజూ కావలసిన మాటలు ఆయన గొంతుతోనే లాప్‌టాప్‌లో రికార్డు చేసి పెడదాం. ఒక్కొక్క మీట మీద ఒక్కొక్క కాగితం ముక్క అంటిద్దాం. మీట నొక్కితే ఆయన మాటే వస్తుంది. నాయనకు చెప్పాను. తొప్పూరు ఘాట్ దాటాక, "ఆవును పిలిచేది మొదలు పెట్టుకో" అన్నాడు.

నా దగ్గర పాత లాప్‌టాప్ ఒకటి ఉండేది. దాని మెమరీకి కొత్త లినక్స్ ఎక్కదు. పుస్తకంతో పాటు ఎప్పుడో వచ్చిన పాత సీడీ వేశాను. అన్నీ పనిచేశాయి, సౌండ్ తప్ప. పరికరం ఉందని సిస్టం ఒప్పుకుంటుంది, పేరు కూడా చెబుతుంది, చప్పుడు మాత్రం లేదు. మిక్సర్‌లో దారులన్నీ తెరిచినా లేదు. ఊళ్లో అందరి లాప్‌టాప్‌లు మాట్లాడించినవాడికి సొంత ఇంట్లో ఈ గతి. నాయన మాత్రం రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చొని, "పలికిందా?" అని అడిగేవాడు. ఆ అడిగే గొంతు రోజురోజుకూ సన్నబడుతుండేది.

బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చొని వెతికాను. ఎవరో ఏదో దేశంలో ఇదే జాతి లాప్‌టాప్ గురించి రాశారు. ఒక సెట్టింగ్ ఫైలులో సౌండ్ చిప్ మోడల్ ఏదో చెబుతూ ఒక వరుస రాయాలట. ఏ మోడలో వాళ్లకూ తెలియదు. పన్నెండు పేర్లు ఇచ్చారు. ఒక్కొక్కటి రాయడం, యంత్రం ఆపి మళ్లీ పెట్టడం, వినడం. సేలం పోవడానికి రెండు రోజుల ముందు, పొద్దున పూట, తొమ్మిదో పేరుకు సౌండ్ వచ్చింది. నేను "ఒకటి, రెండు, మూడు" అని రికార్డు చేసి వినిపించుకున్నాను. బాగా వచ్చింది. అమ్మ వంటింట్లోనుంచి పరిగెత్తుకొచ్చింది. నాయన కళ్లు తుడుచుకున్నాడు, నేనూ.

అన్నీ నిలిచి ఉంటాయో లేదో చూద్దామని ఇంకొకసారి ఆపి పెట్టాను. ఆపి పెట్టగానే మిక్సర్ మళ్లీ మూసుకుంది. స్పీకరు దారి తెరిచాను. మైకు దారి తెరిచాను.

నాయన పడసాలలో స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా మార్చుకొని వచ్చాడు, ఫోటోకు కూర్చున్నట్టు. మొత్తం ఇరవై రెండు మాటలు. మొదటిది ఎర్రావును పిలిచే పిలుపు. నీళ్లు, అన్నం పెట్టు, చాలు, నొస్తా ఉంది, ఎవురది, ఫ్యాను ఆర్పు. అమ్మను పిలిచే "ఏయ్ ఇట్ల రా". నన్ను పిలిచే "సీనా". పక్క చేను ఆయన్ను తిట్టే తిట్టు ఒకటి కావాలన్నాడు, అదీ తీసుకున్నాను. హోసూరులో ఉండే మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఆయన అడిగేది, "తిన్నావా అమ్మా?" ఆ మాటకు ముందు పెద్దగా దగ్గు వచ్చింది. మళ్లీ తీద్దామన్నాను.

"వద్దు. దగ్గుతో సహా నేనే కదరా" అన్నాడు.

ఆయన మాట్లాడుతుంటే ఆ మాట అప్పటికప్పుడే స్పీకరులోనుంచి కూడా వస్తోంది. విని అందరం మురిసిపోయాం.

అంతా అయ్యాక ఒకసారి వేసి వినిపిస్తానన్నాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, మా అవ్వ నాటిది. ఆస్పత్రికి పోయే మనిషి తిరిగొచ్చినాక వాడుకోవాలని ఏదైనా ఎత్తిపెడితే, ఆ మనిషి వచ్చి గడప తొక్కేదాకా దాన్ని ఎవరూ ముట్టరాదు. కొత్త పంచె అయినా, దుప్పటి అయినా అంతే.

"ఆయన వచ్చి ఆయనే నొక్కల్ల. అంతదాకా దాన్ని ముట్టొద్దు నాయనా. లచ్చుమికి కూడా చెప్పొద్దు" అన్నది. లచ్చుమి అంటే మా అక్క.

నాయన కూడా సరే అన్నాడు. పిల్లి అడ్డొస్తే ఆగని నేను ఆ ఒక్కసారి ఆగాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఐదో రోజు నాయన నిద్రపోతుంటే వరండాలో బెంచీ మీద కూర్చొని, ఉండబట్టలేక లాప్‌టాప్ తెరిచాను. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకొని మొదటి ఫైలు వేశాను. ఏమీ లేదు. రెండోది వేశాను. ఏమీ లేదు. ధ్వనిని గీతలా చూపించే ప్రోగ్రాంలో తెరిచాను. దారం లాగి కట్టినట్టు ఒకటే అడ్డగీత. ఇరవై రెండూ అంతే. ఫైలు పరిమాణం సరిగ్గానే ఉంది, లోపల అన్నీ సున్నాలు.

ఏం చేశానో అప్పుడే అర్థమైంది. మైకు మాట స్పీకరుకు పోయే దారి తెరిచాను. మైకు మాట రికార్డు అయ్యే దారి మిక్సర్‌లో ఇంకో పేజీలో ఉంటుంది. ఆపి పెట్టాక దాన్ని మళ్లీ తెరవలేదు. స్పీకరులో వినపడుతోంది కదా అని రికార్డు అవుతోందనుకున్నాను. ఏ తప్పు చేయొద్దని పిల్లలకు చెబుతానో అదే తప్పు నేను చేశాను, మా నాయన గొంతు మీద.

ఆ బెంచీ మీద ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఒక నర్సు వచ్చి, మీవాళ్లు పోయారా అని అడిగింది.

ఇంకెక్కడైనా ఆయన గొంతు ఉందేమోనని వెతికాను. అక్క పెళ్లి వీడియో ఉంది. వీడియో తీసినవాడు మాటలన్నీ తీసేసి మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు వేశాడు. దాంట్లో నాయన నోరు ఆడుతుంది, పాట వస్తుంది. ఇంకెక్కడా ఏమీ లేదు.

ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చిన రోజు చెబుదామనుకున్నాను. అమ్మ నాయనకు దిష్టి తీసి, లాప్‌టాప్‌కు కూడా కుంకుమ బొట్టు పెట్టింది. నాయన పడసాలలో మంచం మీద కూర్చొని ఒళ్లో పెట్టుకున్నాడు. మెడకు తెల్లగుడ్డ. నేను నోరు తెరిచేలోపల అమ్మ వంటింట్లోకి పోయింది, ఆయన నీళ్ల మీట నొక్కాడు.

నాకేమీ వినపడలేదు. తల వంచుకున్నాను.

వంటింట్లోనుంచి అమ్మ చెంబుతో వచ్చింది. "వస్తా ఉండా కదా. ఒకపారి చెప్తే చాలదా?" అన్నది.

చెంబు నాయన చేతికిచ్చి, కొంగుతో నోరు మూసుకొని ఏడ్చింది. నేను మెల్లగా అడిగాను, "అమ్మా, నీకు వినపడిందా?" అని.

"ఏంరా అట్ల అడుగుతావు? నీళ్లనే కదా అడిగినారు" అన్నది.

ఇంటికి రాగానే దాహం వేస్తుందని ఆమెకు తెలుసు, తెచ్చింది, అంతే అనుకున్నాను. సాయంత్రం మళ్లీ జరిగింది. మరునాడూ జరిగింది. నాయన అన్నం మీట నొక్కితే అన్నం, ఫ్యాను మీట నొక్కితే వచ్చి ఫ్యాను ఆపేది. అడిగినదే తెచ్చేది, ఇంకొకటి తెచ్చేది కాదు. పెరట్లో ఉన్నా వచ్చేది. ఎర్రావు కూడా చెవులు నిక్కబెట్టేది, కానీ ఆవు సాక్ష్యం నేను లెక్కలోకి తీసుకోను. దానికి ఆయన మంచం కనిపిస్తుంటుంది.

నేను ఊరికే ఉండలేదు. ఇరవై రెండు ఫైళ్లూ మళ్లీ తెరిచి చూశాను, అదే అడ్డగీత. ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక పొడవాటి అంకె తీయవచ్చు, లోపల ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది. ఆ అంకెలు డైరీలో రాసిపెట్టుకొని వారం తర్వాత మళ్లీ తీశాను. ఒక్కటీ మారలేదు. ఒకరోజు పొరపాటున ఇయర్‌ఫోన్ దాంట్లోనే ఉండిపోయింది. అది ఉంటే ఆ లాప్‌టాప్‌లో స్పీకరు పలకదు. ఆరోజు కూడా అమ్మ పెరట్లోనుంచి వచ్చి, "అప్పుడే చాలా? పప్పు కొంచెం వేసుకోరాదా?" అన్నది. నాయన నొక్కింది "చాలు" మీటే.

అమ్మ ప్రేమకొద్దీ ఊహించుకుంటోందని నాకు నేను చెప్పుకున్నాను. అక్క ఫోన్ వచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాను.

అక్క అప్పుడు నిండు నెలల గర్భిణి, రాలేకపోయింది. ఈ మీటల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అమ్మ వద్దన్నది కదా, నేనూ చెప్పే ధైర్యం చేయలేదు. ఒక ఆదివారం పొద్దున ఆమె ఫోన్ చేస్తే నాయన రిసీవర్ తీసుకొని లాప్‌టాప్ దగ్గర పెట్టి మీట నొక్కాడు. నేను బారెడు దూరంలో నిలబడి ఉన్నాను. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినలేదు. కాసేపటికి ఆయన రిసీవర్ నాకిచ్చాడు. అవతల అక్క వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నాయనకు మాట వచ్చిందిరా సీనా. నాతో చెప్పలేదేమిరా? తిన్నావా అమ్మా అని అడిగినాడు."

ఎప్పుడూ అడిగే మాటే కాబట్టి ఆమె మనసు దాన్నే విన్నదనుకుందామంటే, ఆ తర్వాత ఆమె ఇంకో మాట అన్నది.

"దగ్గు మాత్రం ఇంకా పోలేదే. ముందర అంత పెద్దగా దగ్గినాడు, డాక్టరుకు చెప్పు."

ఆ దగ్గు సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం. స్వరపేటిక తీసేసిన మనిషి దగ్గు అట్లా ఉండదు, రంధ్రంలోనుంచి గాలి బుస్సుమంటుంది, అంతే. రిసీవర్ పెట్టేసి నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. భయం కంటే ఎక్కువగా ఉక్రోషం వచ్చింది. ఆ సౌండ్ తెప్పించడానికి అన్ని సాయంత్రాలు కూర్చున్నవాణ్ని నేను. నాకెందుకు వినపడదు?

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను పడసాలలో నాయనకు వీపు పెట్టి పాత ఛార్జర్ వైరు అతుకుతున్నాను. ఉన్నట్టుండి నా వీపుకు సుద్దముక్క తగిలింది. తిరిగి చూస్తే ఆయన వేలు ఇంకా ఒక మీట మీదే ఉంది. నా పేరున్న మీట. ఎన్నిసార్లు నొక్కాడో. నాకు రాసి చూపించడానికి పెట్టుకున్న పలకా, ఇంకో సుద్దముక్కా తీసుకొని తమిళ అక్షరాల్లో రాశాడు.

"నీకు వినపడదా?"

ఇక దాచలేకపోయాను. మిక్సర్ సంగతి, రెండో పేజీ సంగతి, ఆస్పత్రి వరండా సంగతి, అన్నీ చెప్పేశాను. "నీ గొంతు నేనే పోగొట్టినాను నాయనా. దాంట్లో ఏమీ లేదు" అన్నాను. కొడతాడేమోననుకున్నాను. కొడితే బాగుండేది.

ఆయన పలక తుడిచి నింపాదిగా రాశాడు. "నాకూ వినపడలేదు. మొదటి దినం నుంచి."

చదివి ఆయన ముఖంలోకి చూశాను. మళ్లీ తుడిచి రాశాడు. "మీయమ్మ వస్తా ఉంది. అందుకని నొక్కుతా ఉండా."

చివరికి ఇంకొకటి, "ఆమెకు చెప్పొద్దు." రాసి, అరచేత్తో పలకంతా తుడిచేసి, నా తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యంతా సుద్దపొడి.

ఆ తర్వాత నాయన రెండేళ్లు బతికాడు. ఆ మీటలు ఆపలేదు. అమ్మ రావడమూ ఆపలేదు. ఆయన పోయాక నేను ఆ లాప్‌టాప్ ఎత్తిపెట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు. బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. పొద్దున కరెంటు వచ్చాక పడసాలలో పెట్టుకొని, ఒకటో రెండో మీటలు నొక్కి, కాసేపు కూర్చొని లేచేది.

మనసు అట్లా వినిపిస్తుందని ఒక డాక్టరు స్నేహితుడు చెప్పాడు. కావచ్చు. అక్కకు ఆ దగ్గు ఎవరి మనసు వినిపించిందో ఆయన చెప్పలేకపోయాడు. నాయనకూ నాకూ మాత్రమే ఎందుకు వినపడలేదో నేనూ చెప్పలేను. ఆ ఫైళ్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, డైరీలో అంకెలూ ఉన్నాయి. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను.

నాయన పోయిన ఏడాదికి, ఒకరోజు నేను పనికి బయలుదేరుతుంటే అమ్మ పిలిచింది. లాప్‌టాప్ ఆమె ముందే ఉంది.

"దీంట్లో నీ పేరు కూడా ఉండాది కదరా. మీ నాయన అన్నిపార్లు పిలిచినారు. నేను వింటానే ఉన్నా. ఒక్కపారన్నా పలికినావా నువ్వు?"

చెప్పొద్దన్నవాడు లేడు, అయినా చెప్పలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. అమ్మ నా మీట నొక్కింది. చెవులు రిక్కించి విన్నాను. ఫ్యాను తిరుగుతోంది. పెరట్లో ఎర్రావు గొలుసు చప్పుడు. ఇంకేమీ లేదు. అమ్మ కళ్లు మూసుకొని తల కొంచెం పక్కకు వంచింది, తర్వాత నా వైపు చూసింది. పిలుపు అయిపోయిందని ఆ చూపును బట్టి తెలుసుకున్నాను.

"ఏం నాయనా?" అన్నాను.